పేరు లేని ఐదు మాత్రలు

పాపటోయిటోయి, ఆక్లండ్,
9 జూన్ 2018, శనివారం.

చిరంజీవి వీరభద్రానికి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ మేం ఐదుగురం క్షేమం. ఈ ముక్క ఎప్పట్లా అలవాటుగా రాసెయ్యలేదురా, ఒక్కొక్కళ్ళ మొహం తలుచుకుని రాశాను. నువ్వూ సరోజా కులాసాగా ఉన్నారనీ, దాని మోకాళ్ళు కాస్త దారికొచ్చాయనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం మే ఇరవై ఒకటో తారీకున అందింది. వాట్సాప్ ఉండగా ఇంకా ఈ కాయితాలేవిటి అక్కా అంటూనే నాలుగు పేజీలు నింపావు, గడుసువాడివి. వీడియోలో అయితే నీ బట్టతల సగం, సీలింగు ఫ్యాను సగం కనిపిస్తాయి. నీ వెనక కొట్లో నలుగురు నిలబడి ఉంటారు, నా వెనక ఇంట్లో నలుగురు తిరుగుతుంటారు. ఇవాళ నేను చెప్పాల్సింది వాళ్ళందరి మధ్యా చెప్పేది కాదు. చివర్న చెప్తాను. ముందే ఆఖరి పేజీ తిప్పి చూడకు, నీకు చిన్నప్పట్నించీ ఆ పాడు బుద్ధుంది.

మొదట నీ ప్రశ్నలకి జవాబులు. బావగారి జుట్టు ఊడిందా అని అడిగావు. ఊడ్డానికి ఉంటే కదా నాయనా! ఉన్న ఆ నాలుగు వెంట్రుకలూ భద్రంగానే ఉన్నాయి. అన్నం తింటున్నారా అంటే, తింటున్నారు. వంకలు పెట్టి మరీ తింటున్నారు. కిందటి నెల్లో ఒకసారి పప్పులో ఉప్పు తక్కువైందని మూతి ముడుచుకున్నారు. నేను వంటింట్లోకెళ్ళి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మూడు నెలల కింద ఆయనకి ఉప్పూ కారం తెలిసే స్థితే లేదు.

సరోజ మళ్ళీ మొదట్నించీ చెప్పమంటోందని రాశావు. సరే, దానికి చదివి వినిపించు. కిందటేడాది అక్టోబర్లో మీ బావ ఎడమ మడమ కింద నల్ల మచ్చ కనిపించింది, కందిగింజంత. ముల్లు గుచ్చుకుని నెత్తురు గడ్డకట్టిందనుకున్నాం. నేను వేపనూనె రాశాను, ఆయన రాయి పెట్టి తోమారు. అది చింతగింజంత అయ్యేసరికి కోడలు కావ్యశ్రీ ఇద్దర్నీ కేకలేసి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. చర్మం కేన్సరుట. ఈ దేశంలో తెల్లవాళ్ళకి ఎండ వల్ల చాలా ఎక్కువగా వస్తుందట. మనబోటి వాళ్ళకి అరుదు, వస్తే ఇలా అరికాలి కిందో గోటి కిందో దాక్కుని వస్తుంది. మడమ దగ్గర కోసి తీశారు. కానీ అప్పటికే గజ్జల్లో గడ్డకి పాకింది, ఊపిరితిత్తుల్లో కూడా రెండు మచ్చలున్నాయన్నారు. ఆ సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. అబ్బాయి భార్గవ్ ఎయిర్‌పోర్టు గోడౌన్లో డ్యూటీ దిగి వచ్చి, సంగతి విని, బూట్లయినా విప్పకుండా గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు.

ఫిబ్రవరి ఇరవైన మందు మొదలెట్టారు. మూడు వారాలకోసారి చేతికి సూది పెట్టి ఓ అరగంట ఎక్కిస్తారు. ఇది నువ్వనుకునే కీమో కాదు. ఈ మందు తిన్నగా కేన్సర్ని చంపదట. మన ఒంట్లో రోగాలతో పోట్లాడే కణాలుంటాయి కదా, వాటిని కేన్సరు ఏమార్చి నిద్రపుచ్చుతుందట. ఈ మందు వాటిని తట్టి లేపుతుంది. లేచినవి వాటి పని అవి చూసుకుంటాయి. కొందరికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కొందరికి అసలు చెయ్యదు. ఎందుకలాగో పూర్తిగా ఎవరికీ తెలీదని డాక్టరే చెప్పాడు. తెలీదని అంత తేలిగ్గా ఒప్పుకునే డాక్టర్ని నేను మొదటిసారి చూశాను.

ఇక నీ మూడో ప్రశ్న. 'బావగారి దొడ్డికి వెళ్ళింది డబ్బాలో పెట్టి పట్టుకెళ్తున్నారట, వాళ్ళకేం పోయేకాలం' అని రాశావు. మొదటి రోజు నేనూ అచ్చం అదే మాట అన్నాను. మనది ఒకే రక్తం కదా.

అక్కడ పరిశోధన చేసేవాళ్ళ దగ్గర సినా అని ఒక నర్సుంది. సమోవా మనిషి, మనురేవాలో ఉంటుంది. నిలువెత్తు మనిషి, నవ్విందంటే ఆ చివరి మంచం దాకా వినిపిస్తుంది. మీ బావని 'పాండూ' అంటుంది. మా అత్తగారు పోయాక ఆయన్ని ఆ పేరు పెట్టి పిలిచిన ఆడమనిషి ఈవిడే. ఆయన మురిసిపోతారు, పైకి మాత్రం ఏం తెలీనట్టు కూచుంటారు. ఆ సినా మమ్మల్ని కూచోబెట్టి చెప్పింది. మన పేగుల్లో కోట్లకి కోట్లు సూక్ష్మజీవులు కాపురం చేస్తుంటాయి, అన్నీ చెడ్డవి కావు. ఈ మందు బాగా పనిచేసినవాళ్ళ పేగుల్లో రకరకాల జీవులు ఉన్నాయని, చెయ్యనివాళ్ళలో రకాలు తక్కువగా ఉన్నాయని ఈ మధ్యనే పై దేశాల్లో కొందరు తేల్చారట. అదే కారణమా, లేక ఊరికే రెండూ కలిసి కనిపిస్తున్నాయా అన్నది ఎవరికీ తెలీదు. అది తెలుసుకోవడానికే వీళ్ళు మందుకి ముందొకసారి, తర్వాత ఆరు వారాలకోసారి నమూనా తీసుకుంటున్నారు. ఇష్టమైతేనే ఇవ్వండి, ఇవ్వకపోయినా మందు ఆగదు అంది. మీ బావ ఆలోచించను కూడా లేదు, సంతకం పెట్టేశారు.

అసలు తంటా ఆ నమూనా ఇంటి దగ్గర తియ్యడం. తీసి, డబ్బాలో పెట్టి, సంచీ మీద సంచీ కట్టి, ఆసుపత్రికి పట్టుకెళ్ళేదాకా ఫ్రీజర్లో ఉంచాలి. ఏ ఫ్రీజరు? నా కొబ్బరికోరు, ములక్కాడ ముక్కలు, నైవేద్యానికి దాచుకున్న వెన్న ఉన్న ఫ్రీజరు! 'నా ప్రాణం పోయినా సరే, కుదరదు' అన్నాను. మీ బావ నా వంక చూసి, 'పోయేలా ఉన్నది నీది కాదే, నాది' అన్నారు. ఆ సాయంత్రం భార్గవ్ ఎవర్నో అడిగి పాత ఫ్రిజ్ ఒకటి తెచ్చి గరాజులో పెట్టాడు. దాని దరిదాపులకి కూడా నేను వెళ్ళను. మనస్విని మాత్రం స్కూల్లో అందరికీ 'మా తాత సైంటిస్టులకి పూ ఇస్తాడు' అని ఇంగ్లీషులో గొప్పగా చెప్పుకుందట. పూ అంటే మన పువ్వు కాదు, ఆ డబ్బాలోదే. వాళ్ళ టీచరు భార్గవ్‌కి ఫోన్ చేసి, ఇది నిజమేనా అని అడిగింది.

నమూనాతో పాటు ఏం తిన్నదీ రాసివ్వాలి. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్ళు కంట్రోలరుగా చేసిన మనిషికి ఈ పని దొరకాలే గానీ! ఒక నోటు పుస్తకం కొనిపించుకుని గళ్ళు గీసుకున్నారు. '7-42: ఇడ్లీ మూడు. 7-55: కాఫీ, పంచదార తక్కువ.' బస్సులు బయల్దేరే వేళలు రాసినట్టు రాస్తారు. సినా ఆ పుస్తకం చూసి, ఇంత శ్రద్ధగా రాసిన మనిషిని తను చూళ్ళేదంది. అప్పట్నించీ ఆయన్ని పట్టలేకపోతున్నాం.

తిండి చెప్పే ఆవిడ రకరకాల పీచు తినమంది. డబ్బాల్లో అమ్మే పొడులూ మాత్రలూ కొనొద్దంది, వాటి సంగతి ఇంకా తేలలేదట. జన్మంతా తెల్లన్నం, బంగాళాదుంప వేపుడు తప్ప ఎరగని మనిషి ఇప్పుడు పొట్టు పెసలు, గోంగూర, ఇక్కడి ఎర్ర చిలగడదుంపలు, అన్నీ నోరెత్తకుండా తింటున్నారు. ఏప్రిల్లో పక్కింటివాళ్ళ చెట్టు నిండా ఫీజోవాలు కాశాయి. జాంపండులా ఉంటుంది, వాసన మాత్రం స్నానాల సబ్బు వాసన. రోజూ మన గోడ మీద ఒక సంచీ పెట్టి వెళ్ళేవారు. మొదట్లో ఆయన ముక్కు మూసుకుని తిన్నారు. ఇప్పుడు చలికాలం వచ్చి అయిపోతే ఇంకా లేవా అని అడుగుతున్నారు.

మీ ఊరి సాయి తేజ జులైలో మళ్ళీ వస్తున్నాడు, వాడి చేత ఇంకో సంచీ మందులు పంపనా అని అడిగావు. ఇక్కడే నా కలం ఆగింది. రెండు రోజులు ఈ ఉత్తరం ఇక్కడే వదిలేసి బియ్యం ఏరుకుంటూ కూచున్నాను. ఈ దేశం బియ్యంలో ఏరడానికి ఏమీ ఉండదు, అయినా ఏరాను.

జనవరిలో సాయి తేజ వస్తుంటే నువ్వు మందుల సంచీ పంపావు కదా. తలనెప్పికి, విరేచనాలకి, గ్యాసుకి, జ్వరానికి, దేనికి దానికి చిన్న కాయితం కవరు, పైన నీ గొలుసుకట్టు రాత. కావ్యశ్రీ ఆ సంచీ చూసి, 'అత్తయ్యా, మావయ్యగారికి ఇంత పెద్ద మందు మొదలెడుతున్నారు, ఇవేవీ ఇంట్లో ఉండకూడదు' అని పట్టుకెళ్ళి, పారెయ్యమని మందుల షాపులో ఇచ్చేసింది. నాకు ఒళ్ళు మండింది. నా తమ్ముడు ప్రేమగా పంపినవి అన్నాను. అన్నాను గానీ, అప్పటికే ఒక కవరు తీసి కుంకుమ భరిణెల డబ్బాలో దాచేశాను. దాని మీద 'జ్వరం, దగ్గు. ఉదయం ఒకటి, ఐదు రోజులు' అని ఉంది.

మొదటి మందు ఎక్కించాక పది రోజులకి ఆయనకి దగ్గు పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే ఒళ్ళు కాలిపోయింది. జ్వరం వస్తే ఏ వేళైనా సరే ఈ నెంబరుకి ఫోన్ చెయ్యాలని సినా ఇచ్చిన పచ్చ కార్డు ఫ్రిజ్ తలుపుకే ఉంది. భార్గవ్ అప్పటికే డ్యూటీలో ఉన్నాడు, కావ్యశ్రీ బోటనీ డౌన్స్‌లో తన షాపులో ఉంది. ఫోన్ చేస్తే ఇంగ్లీషులో ఏం అడుగుతారో, నేనేం చెప్తానో, ఆసుపత్రిలో పెట్టేస్తారో, మందు ఆపేస్తారో అని భయమేసింది. భయం కన్నా ఇంకోటి కూడా ఉంది, అదీ చెప్తాను. మా తమ్ముడి మందు ఉండగా వీళ్ళెందుకు అనే పొగరు. కుంకుమ డబ్బా తీసి మాత్ర వేశాను. ఐదు రోజులు, ఐదు మాత్రలు. పిల్లలకి ఊరికే జలుబు అని చెప్పాను. మూడో రోజుకి జ్వరం పోయింది. ఎంత గర్వపడ్డాననుకున్నావు!

ఏప్రిల్ మూడున రెండో నమూనా. దాంతో ఒక ఫారం. కావ్యశ్రీ డైనింగు టేబులు దగ్గర కూచుని గట్టిగా చదువుతూ నింపుతోంది. 'అత్తయ్యా, ఈ ఆరు వారాల్లో మావయ్యగారు యాంటీబయాటిక్ ఏమైనా వేసుకున్నారా?' అంది. మీ బావ కూరలు తేవడానికి భార్గవ్‌తో బజారుకెళ్ళారు. నేను చపాతీ వత్తుతున్నాను. 'లేదమ్మా' అన్నాను. అంత తేలిగ్గా వచ్చేసింది నా నోట్లోంచి. తను టిక్కు పెట్టేసింది.

ఆ నెలాఖర్న నాలుగో మందు ఎక్కిస్తుంటే సినా పక్కన కూచుని కబుర్లు చెప్తోంది. అన్నిసార్లు యాంటీబయాటిక్ గురించి ఎందుకు అడుగుతారని కావ్యశ్రీ అడిగింది. ఆ మందులు చెడ్డ క్రిములతో పాటు పేగుల్లో మంచివాటిని కూడా ఊడ్చేస్తాయట. ఈ వైద్యం మొదలెట్టే రోజుల్లో అవి వాడినవాళ్ళకి ఫలితం తక్కువగా ఉందని కొన్ని చోట్ల లెక్కల్లో కనిపించిందట. ఇంకా ఖాయంగా తెలీదు, అవసరమైతే డాక్టర్లే ఇస్తారు, కానీ చూసి ఇస్తారు అంది. కావ్యశ్రీ నాకు తెలుగులో చెప్తుంటే నా చెవుల్లో హోరు. ఎదురుగా ఆయన కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నారు. నా చేత్తో నేనే ఆయనకి చేటు చేశానా దేవుడా అనుకున్నాను.

మూడు వారాలు ఎలా గడిపానో నీకు చెప్పలేను. రోజూ గోంగూర, రోజూ పెసలు, ఊడ్చేసిన వాకిట్లో మళ్ళీ ముగ్గు పెట్టినట్టు, నేను పాడుచేసినదాన్ని నేనే నింపేద్దామని! ఆయనకి విసుగొచ్చి 'ఏవిటే ఈ గోంగూర గోల' అనేవారు. ఒకరోజు స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. నీ మీద కూడా కోపమొచ్చిందిరా. నువ్వే పంపావు కదా అనుకున్నాను. ఆ నిమిషానికి అలా అనుకుంటే కాస్త తేలిగ్గా ఉండేది, మర్నాటికి మళ్ళీ బరువు నా మీదికే వచ్చేది.

మే పదిహేనున స్కానింగు. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. బయట బల్ల మీద నేనూ సినా. కావ్యశ్రీ కారు పార్కింగు చూసుకోవడానికి వెళ్ళింది. ఫలితం రాకముందే చెప్పాలి, వచ్చాక చెప్తే అది చెప్పడం కాదు అనిపించింది. నాకొచ్చిన ఇంగ్లీషులో, చేతులు ఆడిస్తూ చెప్పాను. ఫీవర్, కాఫ్, ఫైవ్ టాబ్లెట్స్, ఐ టోల్డ్ లై. సినా నవ్వలేదు, కోప్పడలేదు. ఎవరిచ్చారంది. 'మై బ్రదర్, డాక్టర్' అన్నాను.

అదీ రెండో అబద్ధం. పాలకొల్లులో అందరూ నిన్ను డాక్టరుగారూ అంటారు కదా, నాకూ అదే నోట్లోకొచ్చింది. సినా మొహం వికసించింది. 'చాలా మంచిది, అయితే ఆయన రాసిన చీటీ తెప్పించండి' అంది. అప్పుడు మళ్ళీ నిజం చెప్పాల్సొచ్చింది. డాక్టరు కాదమ్మా, మందుల కొట్టు, ముప్పై ఏళ్ళుగా కత్తెరతో మాత్రలు కత్తిరించి ఇస్తున్నాడు అన్నాను. ఆవిడప్పుడు నవ్వింది. సమోవాలో, అపియా ఊళ్ళో ఉన్న తన పెద్దమ్మ కూడా డాక్టరిచ్చిన మాత్రల్లో సగం దాచి చుట్టాలకి పంచుతుందట. నా చెయ్యి పట్టుకుని, 'మంగా, చెప్పావు కదా, అదే చాలా కష్టమైన పని' అంది.

సినా చెప్పగా విని డాక్టరు మాత్రం తేలిగ్గా వదల్లేదు. మాత్రల కన్నా మీరు ఫోన్ చెయ్యకపోవడం నాకెక్కువ భయం అన్నాడు. ఈ మందు ఒక్కోసారి ఒంటి మీదికే తిరగబడుతుందట, ఊపిరితిత్తులు వాచి దగ్గూ జ్వరం వస్తాయట. అది గనక అయ్యుంటే ఆ ఐదు రోజుల్లో ఏమైనా జరిగేదన్నాడు. నేను తల దించుకుని విన్నాను. నిజమే కదా.

ఇంటికొచ్చాక మీ బావకీ, పిల్లలకీ చెప్పాను. ఆయనకి ఆ మాత్రలు జలుబుకని చెప్పి వేశాను, పాపం నమ్మి మింగారు. కావ్యశ్రీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఉదయం కాఫీ దగ్గర అన్నారు, 'బస్సు ఆలస్యమైందని నేనెప్పుడూ ఎవర్నీ సస్పెండ్ చెయ్యలేదు మంగా. లాగ్‌షీట్లో తప్పు రాసినందుకు చేశాను.' అని, గ్లాసు ముందుకు జరిపి, 'నువ్వెలాగూ డ్యూటీలోనే ఉండాలి, నీకు సస్పెన్షన్ లేదులే' అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, కాఫీ ఒలికింది.

మే ఇరవైరెండున ఫలితం చెప్పారు. ఊపిరితిత్తుల్లో రెండు మచ్చల్లో ఒకటి సగానికి సగం తగ్గింది. రెండోది పెరగలేదు, గజ్జల్లో గడ్డ కూడా కాస్త చిన్నదైంది. డాక్టరు ఆ బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించాడు. భార్గవ్ కంప్యూటరు తెర మీద వేలు పెట్టేశాడు, అంత దగ్గరికెళ్ళి చూశాడు. ఇది మంచి మొదలు, ఇంకా దూరం వెళ్ళాలి అన్నాడు డాక్టరు. మొన్న మంగళవారం ఆరో మందు ఎక్కించారు. నా మాత్రలు చెరుపు చేశాయా అని అడిగాను. తెలీదన్నాడు. లేకపోతే ఇంకా బాగా తగ్గేదా అన్నాను. అదీ తెలీదన్నాడు. ఆ తెలీని దాన్ని తెలుసుకోవడానికే కదా ఇదంతా అన్నాడు.

అందుకే ఇప్పుడు నీతో పని పడింది. ఆ మాత్ర ఏ మందో, ఎంత మోతాదో తెలిస్తేనే మీ బావ రెండో నమూనా లెక్కలోకి తీసుకుంటారట. లేకపోతే పక్కన పెట్టేస్తారు. నేను ఆ ఖాళీ రేకు మన చెత్తబుట్టలో కూడా వెయ్యలేదు, కావ్యశ్రీ చూస్తుందని వీధి చివర డైరీ ముందున్న డబ్బాలో పడేశాను. డైరీ అంటే ఇక్కడ పాలకేంద్రం కాదు, చిల్లర కొట్టు. అయినా రేకు ఉన్నా లాభం లేదు. నువ్వు పట్టీ కత్తిరించి ఐదు మాత్రలిస్తే, పేరున్న ముక్క ఇంకెవరి కవర్లోకో వెళ్ళింది.

భార్గవ్ నీకు ఫోన్ చేసి అడిగాడు. 'ఏదో మామూలు మందేరా, అక్కని కంగారుపడొద్దని చెప్పు' అని పెట్టేశావట. రెండోసారి చేస్తే కొట్లో రద్దీగా ఉందన్నావట. నాకు తెలుసు నువ్వు భయపడ్డావని. ఆసుపత్రివాళ్ళు, విదేశం, కాయితాలు అంటే భయమే. నేనూ అలా భయపడే కదా ఇంత చేశాను. నీ మీద ఎవరూ కేసు పెట్టరు, నీ పేరు కూడా వాళ్ళకి అక్కర్లేదు. మందు పేరు కావాలంతే. నీ పాత బిల్లు పుస్తకాలు చూడు, జనవరిలో జ్వరానికీ దగ్గుకీ ఏది కత్తిరించి ఇస్తున్నావో సరోజకి గుర్తుంటుంది, దాన్నడుగు. నిజంగా గుర్తు లేకపోతే గుర్తు లేదని రాయి. ఊహించి మాత్రం రాయకు.

సాయి తేజ చేత మందులు పంపొద్దు. సరోజ పెట్టిన మాగాయ పంపితే చాలు, ఎయిర్‌పోర్టులో వాడు చెప్పి తెచ్చుకుంటాడు. ఇంకో మాట. కొట్టుకి ఎవరైనా వచ్చి దగ్గు అనగానే కత్తెర తియ్యకురా. ఎవరికి, వాళ్ళకి వేరే వైద్యం ఏమైనా నడుస్తోందా, డాక్టరేమన్నాడు అని అడుగు. అడిగితే సగం మంది విసుక్కుని పక్క కొట్టుకి పోతారు, నాకు తెలుసు. పోనీ.

మీ బావ తన నోటు పుస్తకంలో మార్చి పేజీలు మళ్ళీ తీశారు. ఆ ఐదు రోజులకీ పక్కన ఎర్ర పెన్నుతో రాశారు. '8-10: తెల్ల మాత్ర ఒకటి. పేరు:' అని రాసి, ఆ తర్వాత గీత గీసి ఖాళీ వదిలారు. ఐదు రోజులకీ ఐదు ఖాళీలు. పుస్తకం మొత్తంలో ఇంకెక్కడా ఖాళీ లేదు. నా సంగతి ఎలా ఉన్నా, నా తర్వాత ఈ మందు ఎక్కించుకునేవాడికి ఈ లెక్క పనికి రావాలి కదా అన్నారు. రోజూ సాయంత్రం భార్గవ్ వచ్చే వేళకి, 'మీ మావయ్య ఏమైనా చెప్పాడా' అని అడుగుతారు. ఆ ఒక్క మాటే అడుగుతారు.

తమ్ముడూ, నువ్వు ఎప్పుడూ నాకు ధైర్యమే చెప్పావు. అమ్మ పోయినప్పుడు చెప్పావు. ఆయన మడమ కోసినప్పుడు, అర్ధగంట సేపు ఫోన్లో ఏడుస్తూ నువ్వే చెప్పావు. అది నేను మరిచిపోను. ఈసారి నాకు ధైర్యం చెప్పొద్దురా. పేరు చెప్పు.

ఇట్లు,
నీ మీద కోపం పోయిన, నీ జవాబు కోసం రోజూ పోస్టు డబ్బా తెరిచి చూసే
నీ అక్క
మంగతాయారు